పాఠకుల ప్రశ్నలు: నవలలో అందరికంటే గిట్టని పాత్ర ఎవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నవల చదివి పక్కన పెట్టిన తరువాత, అందులోని మనుషులలో తమకు బొత్తిగా గిట్టనివారు ఎవరో తేల్చుకోవడం ఎలాగని పాఠకులు అడిగారు. మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పుస్తక చర్చా బృందం ఈ మధ్య దస్తయేవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ చదివింది. చర్చ ముగిశాక, అందరికంటే గిట్టని పాత్ర ఎవరని చీటీలు వేయించాము. ఇద్దరు స్త్రీలను గొడ్డలితో చంపిన రస్కోల్నికోవ్‌కు ఒక్క ఓటు కూడా రాలేదు. అతడి చెల్లెలిని పెళ్లి చేసుకోవాలనుకున్న లూజిన్‌కు మాత్రం దాదాపు అందరూ వేశారు. హంతకుడిని వదిలిపెట్టి, ఎవరినీ చంపనివాడిని అసహ్యించుకున్నామంటే మా న్యాయబుద్ధిలో ఏదైనా లోపం ఉన్నట్టా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు వేసినవి ఓట్లే గాని శిక్షలు కావు కనుక మీ న్యాయబుద్ధికి వచ్చిన ముప్పేమీ లేదు. శిక్ష సంగతి రచయితే చూసుకున్నాడు. రస్కోల్నికోవ్‌కు సైబీరియాలో 8 ఏళ్ల కఠిన శిక్ష పడుతుంది. పాఠకులు చెప్పవలసినది వేరు. అన్ని వందల పేజీల పాటు ఒక మనిషి సహవాసాన్ని భరించడం తమకు ఎంత కష్టమైందో, ఎక్కడ కష్టమైందో చెబితే చాలు.

1866లో వెలువడిన ఈ నవల ‘అతడు’ అంటూ సాగినా, కథలో ఎక్కువ భాగం మనం రస్కోల్నికోవ్ తలలోనే కాపురం ఉంటాము. హత్యలు జరిగిన కొద్దిసేపటికే తలుపు అవతల ఎవరో గంట మోగించి, పిడి పట్టుకుని గట్టిగా గుంజుతున్నప్పుడు, లోపలి గొళ్లెం ఎగిరెగిరి పడుతుండటాన్ని అతడితో పాటు మనమూ ఊపిరి బిగబట్టి చూస్తాము. ఆ గొళ్లెం ఊడకూడదని ఒక్క క్షణం కోరుకున్న పాఠకుడు, తనకు తెలియకుండానే సగం అతడి పక్షం చేరిపోయినట్టే. లూజిన్‌కు ఆ సౌకర్యం చాలా తక్కువగా దక్కింది. అతడిని మనం ఎక్కువగా బయటి నుంచే చూస్తాము. పైగా, అతడు గదిలోకి అడుగుపెట్టక ముందే అతడి గురించి రస్కోల్నికోవ్ తల్లి రాసిన ఉత్తరాన్ని చదివేసి ఉంటాము.

అయితే ఈ దూరం, దగ్గర అన్న లెక్కతోనే మీ ఓట్లను వివరించలేము. రస్కోల్నికోవ్ చెల్లెలి వెంటపడే భూస్వామి స్విద్రిగైలోవ్‌ను కూడా చాలాకాలం బయటి నుంచే చూస్తాము. అతడిపై వినవచ్చే ఆరోపణలు లూజిన్ చేసిన పనులకంటే ఎన్నో రెట్లు ఘోరమైనవి. అతడికీ మీ బృందంలో పెద్దగా ఓట్లు పడినట్టు లేదు. తాను ఎలాంటివాడో స్విద్రిగైలోవ్‌కు తెలుసు, దాన్ని మంచితనంగా చూపించే శ్రమ అతడు పడడు. లూజిన్‌కు మాత్రం తన మంచితనం మీద అచంచలమైన నమ్మకం. కట్నం తేలేని, కష్టాలు చవిచూసిన పిల్లనే చేసుకోవాలని అతడు ముందే నిశ్చయించుకున్నాడు. భార్య భర్తను తన ఉపకారిగా భావించడమే మేలని అతడి సిద్ధాంతం. కాబోయే అత్తగారు, వధువు అంత దూరం నుంచి రావడానికి ప్రయాణపు ఖర్చు వాళ్లనే పెట్టుకోనిచ్చి, వాళ్ల పెద్ద పెట్టెను, సామానును చేరవేయించే భారం మాత్రం తాను తీసుకుంటాడు. తల్లి ఈ సంగతులను మెచ్చుకోలుగానే రాస్తుంది. ఆ మెచ్చుకోలు వెనుక ఉన్న అవమానాన్ని కొడుకు చదువుతాడు, కొడుకుతో పాటు మనమూ చదువుతాము.

ఇక లూజిన్ చేసిన ఒక నోటు పన్నాగం సంగతి. రస్కోల్నికోవ్ ఆదరించే పేద కుటుంబపు పిల్ల సోన్యాను లూజిన్ తన గదికి పిలిపించి, ఆమె కుటుంబానికి సహాయంగా 10 రూబుళ్ల నోటు ఒకటి బాహాటంగా చేతికిస్తాడు. అదే సమయంలో మడతలు పెట్టిన 100 రూబుళ్ల నోటును ఆమె జేబులోకి రహస్యంగా జారవిడుస్తాడు. తరువాత ఆమె తండ్రి సంస్మరణ విందులో, అంతమంది ఎదుట, ఆమెను దొంగ అంటాడు. సవతి తల్లి కతెరీనా ఇవానోవ్నా ఆవేశంతో ఆ పిల్ల జేబులను తిరగేస్తే నోటు కింద పడుతుంది. లూజిన్‌కు తన గదిలో బస ఇచ్చిన లెబెజ్యాత్నికోవ్ ఆ నోటు జారవిడవడాన్ని కళ్లారా చూసి ఉండకపోతే సోన్యా గతి ఏమయ్యేదో ఊహించుకోవలసిందే. ఆ పిల్లను ఆదుకునేవారు లేరన్న భరోసాతోనే లూజిన్ ఆ పని చేశాడు. ఆమెతో అతడికి పగ కూడా లేదు, రస్కోల్నికోవ్‌ను అతడి తల్లికీ చెల్లెలికీ కాకుండా చేయడానికి ఆమె ఒక సాధనం, అంతే. గుట్టు రట్టయిన తరువాత కూడా అతడి నోట బుకాయింపు, బెదిరింపు తప్ప మరొకటి రాలేదు. మీ చీటీలు పడింది ఇక్కడే అనుకుంటాను. తిరిగి కొట్టలేనివారిని ఎంచుకుని కొట్టడం, కొట్టిన తరువాత కూడా తాను మర్యాదస్థుడినేనని నమ్మడం, ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు పాఠకుడి మనసు విరిగిపోతుంది.

ఒక్క మాట మాత్రం మీ బృందానికి గుర్తు చేయాలి. రస్కోల్నికోవ్ చంపినవారిలో లిజవేత కూడా ఉంది. వడ్డీ వ్యాపారి అయిన అక్కను చంపడానికి అతడి దగ్గర ఒక సిద్ధాంతం ఉంది గాని, అనుకోకుండా ఇంటికి తిరిగివచ్చిన ఈ అమాయకురాలిని చంపడానికి ఏ సిద్ధాంతమూ లేదు. గొడ్డలి తన మీదికి లేచినప్పుడు ఆమె ముఖానికి చేతులు అడ్డం కూడా పెట్టుకోలేదు. ఖాళీగా ఉన్న ఎడమ చేతిని మెల్లగా ముందుకు చాపిందంతే. మీలో ఎవరైనా ఆ ఒక్క చేతిని చూపించి రస్కోల్నికోవ్‌కు ఓటు వేసి ఉంటే, ఆ ఓటు ముందు నా వాదన అంతా నిలిచేది కాదేమో. లిజవేతను అంత త్వరగా మరిచిపోగలగడంలో దస్తయేవ్‌స్కీ నేర్పు ఎంత, మన అజాగ్రత్త ఎంత అన్నది మీ బృందం మరొక సమావేశంలో చర్చించదగిన విషయమే.

ప్రశ్న: డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లోని ఇందిర నాకు ఏమాత్రం నచ్చలేదు. తమ ఇంట్లో ఉంటున్న కల్యాణిని అక్కడ నిలవనీయకుండా చేస్తుంది. ప్రకాశాన్ని తన వైపు తిప్పుకుంటుంది. ఈ మాట అంటే మా స్నేహితులు నాది పాతకాలపు బుద్ధి అని ఎగతాళి చేస్తున్నారు. స్వతంత్రంగా బతికే స్త్రీ పాత్ర నచ్చకపోవడం తప్పా? – ఒక పాఠకుడు

జవాబు: నచ్చకపోవడం ఎన్నడూ తప్పు కాదు. ఎందుకు నచ్చలేదో మీకు మీరు నిజాయితీగా చెప్పుకున్నారా అన్నదే ప్రశ్న. ఇందిర మీద సాధారణంగా వినిపించే ఫిర్యాదులలో రెండు రకాలవి కలగలిసి ఉంటాయి. ఆసరా లేని కల్యాణి పట్ల ఆమె నిర్దయగా ప్రవర్తించడం మొదటి రకం. ఇది గట్టి కారణమే, పై జవాబులో లూజిన్‌కు పెట్టిన కొలతే దీనికీ వర్తిస్తుంది. ఆమె మగవాళ్లతో జంకు లేకుండా మాట్లాడుతుందని, తనకు కావలసినది ఏమిటో పైకి చెబుతుందని, సంతోషాన్ని వాయిదా వేసుకోదని అనేవి రెండవ రకం. ఈ రెండవ జాబితాను ఒక మగ పాత్రకు తగిలించి చూడండి. అప్పుడు కూడా అంతే చిరాకు కలిగితే మీ స్నేహితుల ఎగతాళిని పట్టించుకోనక్కర లేదు. ఆ చిరాకు ఎగిరిపోయి, చొరవగల మనిషి అన్న మెప్పు దాని స్థానంలోకి వస్తే మాత్రం, మీ అయిష్టంలో కొంత భాగం ఇందిరది కాదని ఒప్పుకోవాలి.

1950ల చివరి సంవత్సరాలలో వచ్చిన ఈ నవలలో నన్ను అడిగితే నా ఓటు ప్రకాశానికి. వైద్యం చదువుతున్నవాడు, మెత్తనివాడు, ఎవరినీ పరుషంగా ఒక మాట అనడు. అతడు చేసిన చెడ్డ పని ఏదని వెతికితే వేలు పెట్టి చూపించడానికి ఒక్కటీ దొరకదు, ఎందుకంటే చేయవలసిన వేళ ఏమీ చేయకపోవడమే అతడి పద్ధతి. కల్యాణి పట్ల మనసున్నా ఆమె పక్షాన నిలబడడు. ఇందిరతో కలిసి తిరిగినా ఆ చనువుకు జవాబుదారీగా ఉండడు. తేల్చి చెప్పవలసిన ఘడియ వచ్చేసరికి పెద్దవాళ్ల మాట చాటుకు తప్పుకుంటాడు. ‘పాపం, మంచివాడే’ అన్న సానుభూతి ఇలాంటివాళ్లకు గొడుగులా పనికివస్తుంది, ఆ గొడుగు కింద నిలబడి వాళ్లు ఎంతమందిని తడిపినా మనకు కోపం రాదు. ఇందిర తన స్వార్థాన్ని స్వార్థమనే అంటుంది, దానికి మూల్యం తానే చెల్లిస్తుంది, ఉద్యోగం చేసి ఇంటిని నడుపుతుంది. అన్నట్టు, కూతురి సంపాదన మీద నిశ్చింతగా బతికే తండ్రి ఆనందరావు పేరు ఇలాంటి చర్చలలో ఎవరికీ గుర్తుకు రాకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇంత చెప్పినా, మీరు కల్యాణి వైపు నుంచి చదివి ఇందిరను ఎంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఆ ఇంటి నుంచి కల్యాణి వెళ్లిపోయే ఘట్టాన్ని మరొకసారి చదివి, మీ కోపం అంతా ఆ ఘట్టం నుంచే వస్తోందని నిర్ధారించుకుంటే చాలు.

ప్రశ్న: రెండు పేజీలలో కనిపించి మాయమయ్యే పాత్రను కూడా ‘అందరికంటే గిట్టని పాత్ర’గా ఎన్నుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా ఎన్నుకోవచ్చు. కాకపోతే రెండు పేజీల పాత్రను ద్వేషించడం సులభం, అతడికి మరో ముఖం ఉందేమో చూపించే వ్యవధి రచయిత ఇవ్వలేదు కదా. చర్చకు ఎక్కువ సరుకు దొరికేది చాలా పేజీలు గడిచాక కూడా గిట్టని పాత్రతోనే.

ప్రశ్న: కథ చెప్పేవాడే దుర్మార్గుడైనప్పుడు ఏం చేయాలి? నబొకోవ్ ‘లొలీటా’ చదువుతుండగా హంబర్ట్ మాటకారితనానికి చాలాచోట్ల ముచ్చట పడ్డాను, ఆ తరువాత నా మీద నాకే రోత కలిగింది. ఇష్టపడినట్టా, అసహ్యించుకున్నట్టా తేల్చుకోలేకపోతున్నాను. – ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీకు కలిగిన రెండు అనుభవాలూ ఆ నవల కోరుకున్నవే. 1955లో అచ్చయిన ఈ నవలలో హంబర్ట్ జైలులో ఉండి తన కథ రాస్తూ, మనల్ని జ్యూరీ సభ్యులుగా సంబోధిస్తాడు. అంటే తనకు వకాలతు తానే పుచ్చుకున్నాడన్నమాట. అతడి వాక్యాల అందం అతడి వాదనలో భాగం. అందువల్ల వాక్యానికి ముచ్చట పడటం మనిషిని మెచ్చుకోవడం కిందికి రాదు, అయితే ఆ రెంటినీ విడదీసి పట్టుకోవడం పాఠకుడికి నిరంతరం శ్రమే.

ఇలాంటి కథకుడిని కొలవడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే. అతడు తన గురించి చెప్పుకున్న భాగాలను వదిలి, ఎదుటివారి గురించి పరాకుగా జారవిడిచిన వివరాలను ఏరుకోవాలి. అతడు ‘లొలీటా’ అని పిలుచుకుంటూ చెరబట్టిన సవతి కూతురి అసలు పేరు డొలోరెస్. కథ మొదలైనప్పుడు ఆమెకు 12 ఏళ్లు. వాళ్లిద్దరూ దేశమంతా తిరిగిన సుదీర్ఘ ప్రయాణాన్ని ఎంతో సొంపుగా వర్ణించిన తరువాత, ప్రతి రాత్రీ తాను నిద్ర నటించగానే ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడవడం వినిపించేదని అతడే చెబుతాడు. ఆ ముక్క దగ్గర ఆగండి. ఏడుపు అతడికి వినిపించింది. వినిపించేందుకు వీలుగా అతడు మెలకువగానే ఉన్నాడు. తెల్లవారిన తరువాత ప్రయాణం యథాప్రకారం సాగింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే అంతవరకు చదివిన సొంపైన పేజీలన్నీ వేరుగా కనిపిస్తాయి. హంబర్ట్‌కు చివర పశ్చాత్తాపం కలిగినట్టుంటుంది. అది కూడా అతడి కలం నుంచే వచ్చింది కనుక దాన్ని ఎంతవరకు నమ్మాలో విమర్శకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా వరకు అతడు లూజిన్‌ను మించినవాడు. లూజిన్ మనల్ని ఒప్పించలేడు, హంబర్ట్ చాలాసేపు ఒప్పించగలుగుతాడు.

ప్రశ్న: నేను మొదటి నవల రాస్తున్నాను. రాతప్రతి చదివిన ఇద్దరు మిత్రులు, నాయిక గర్విష్ఠి అని, ఆమె మీద జాలి కలగడం లేదని అన్నారు. ఆమెను కాస్త మెత్తబరచమంటారా? – ఒక వర్ధమాన రచయిత్రి

జవాబు: తొందరపడి మెత్తబరచకండి. జేన్ ఆస్టిన్ ‘ఎమ్మా’ మొదలుపెడుతూ, తనకు తప్ప మరెవరికీ అంతగా నచ్చని నాయికను తీసుకోబోతున్నానని అన్నట్టు ఆమె మేనల్లుడు రాసిన జీవిత చరిత్రలో ఉంది. 1815 చివర వెలువడిన ఆ నవలలోని నాయికకు అందం, డబ్బు, తెలివి అన్నీ ఉన్నాయి. ఇతరుల పెళ్లిళ్లు తానే కుదర్చాలన్న సరదా కూడా ఉంది. ఆమె ఎక్కడ నిజంగా గిట్టకుండా పోతుందో, మళ్లీ ఎలా దగ్గరవుతుందో గమనిస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

బాక్స్ హిల్‌కు విహారానికి వెళ్లిన రోజున ఒక ఆట మొదలవుతుంది. ఒక్కొక్కరు ఒక గొప్ప చమత్కారం గాని, రెండు ఓ మోస్తరువి గాని, మూడు బొత్తిగా చప్పనివి గాని చెప్పాలి. పెళ్లి కాకుండానే నడివయసుకు చేరి, ముసలి తల్లితో పేదరికంలో బతుకుతున్న వదరుబోతు మిస్ బేట్స్, నోరు తెరిస్తే చాలు మూడు చప్పని మాటలు తనకు ఇట్టే వస్తాయని తన మీద తానే హాస్యమాడుకుంటుంది. సంఖ్య మూడుకు మించరాదు కదా, అదే మీకు చిక్కు అంటుంది ఎమ్మా. మిస్ బేట్స్‌కు మొదట అర్థం కాదు. అర్థమయ్యాక కోపగించదు, ముఖం కొద్దిగా ఎర్రబడుతుంది, తాను నోరు అదుపులో పెట్టుకోవాలని ఒప్పుకుంటుంది. ఆ తరువాత ఎమ్మా కుటుంబానికి చిరకాల మిత్రుడైన నైట్లీ, ఎవరూ దగ్గర లేనప్పుడు ఎమ్మాను, ఆమె నీతో సమానమైన స్థితిలో ఉన్నది కాదే అని మందలిస్తాడు. ఇంటికి వెళ్లేదారిలో ఎమ్మా కన్నీళ్లు ఆగవు. మరునాడు ఉదయమే తనంతట తాను మిస్ బేట్స్ ఇంటికి వెళ్తుంది.

చేసిన పని జాతిలో లూజిన్ పనికి ఎంతో దూరం కాదు, తిరిగి మాట అనలేని మనిషిని పదిమందిలో చిన్నబుచ్చడమే. నేరం పరిమాణం వేరు, ఆ తరువాతి నడక వేరు. ఆస్టిన్ ఆ మాటను ఎమ్మా నోటి నుంచి తీసేయలేదు, ఆమె చేత సంజాయిషీల ఉపన్యాసం ఇప్పించలేదు. సిగ్గుపడనిచ్చింది, మరునాటి ఉదయం కాళ్లకు పని చెప్పింది. మీ నాయిక గర్వం వల్ల ఎవరికి దెబ్బ తగులుతోందో మీ రాతప్రతిలో కనిపిస్తోందా? ఆ దెబ్బ తిన్నవారికి ముఖం, మాట ఉన్నాయా? ఉంటే నాయికను అలాగే ఉంచి, ఆ రెండవ మనిషికి మరో పేజీ ఇవ్వండి. మీ మిత్రులు జాలి గురించి మాట్లాడుతున్నారు గాని, వాళ్లకు బహుశా కొరతగా తోచింది అదే.

ప్రశ్న: రచయిత ఆదర్శపురుషుడిగా నిలబెట్టిన నాయకుడే నాకు అందరికంటే గిట్టలేదు. అలాంటి ఓటు చెల్లుతుందా? మా పఠన మండలిలో దీని మీద పెద్ద రభసే జరిగింది. – ఒక గ్రంథాలయ సభ్యుడు

జవాబు: చెల్లుతుంది, కానీ దాన్ని వేరే డబ్బాలో వేయాలి. లూజిన్ గిట్టకపోవడం దస్తయేవ్‌స్కీ సాధించిన ఫలితం. మీ నాయకుడు గిట్టకపోవడం ఆ రచయిత ఊహించని ఫలితం. మొదటిది పాత్ర మీద ఫిర్యాదు, రెండవది పుస్తకం మీద ఫిర్యాదు. ఈ రెండింటినీ ఒకే ఓటింగులో కలిపితే మీ మండలిలో జరిగినట్టే రభస జరుగుతుంది, ఎవరు దేని గురించి వాదిస్తున్నారో ఎవరికీ తెలియదు. సాధారణంగా ఇలాంటి నాయకుడు ఇతరులకు నీతులు చెబుతుంటే చుట్టూ ఉన్న పాత్రలన్నీ తలలూపుతాయి. అతడి వల్ల నష్టపోయిన భార్యో, తమ్ముడో, నౌకరో ఉన్నా, వారికి ఎదురు మాట్లాడే అవకాశం రచయిత ఇవ్వడు. ఆ మౌనమే పాఠకుడిని చికాకుపెడుతుంది.

ఈసారి సమావేశంలో ఒక నియమం పెట్టి చూడండి. ఎవరి పేరు చెప్పినా, దానితో పాటు నవలలోని ఒక ఘట్టాన్ని తెరిచి పైకి చదవాలి, ఆ ఘట్టంలో బాధపడినవారెవరో కూడా చెప్పాలి. ఘట్టం దొరకని ఓట్లను పక్కన పెట్టండి. మీరు ఆ నాయకుడికి వేసిన ఓటు అప్పుడు కూడా నిలుస్తుందో లేదో నాకు రాయండి. ఏ నవలో, ఏ ఘట్టమో కూడా ఈసారి తప్పకుండా రాయండి, మీ ఉత్తరంలో ఆ రెండూ లేవు.